ఒక పిటీలు, ఏడు విస్తర్లు

మునిలక్ష్మమ్మకు భయపడడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. మబ్బు పడితే పిడుగు పడుతుందని, మబ్బు పట్టకపోతే బావి ఎండిపోతుందని, మొగుడు రెడ్డెప్ప చేలోకి వెళితే పాము కరుస్తుందని, వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే ఒంట్లో ఏదో రోగం ముదురుతోందని ఆమెకు దిగులు. ఐదో తరగతి దాకా చదివింది గనక పేపరు చదవగలదు. చదవడం వచ్చినందుకు భయాలు ఇంకో నాలుగు ఎక్కువయ్యాయే గాని తగ్గలేదు. ఏ పేజీ తిప్పినా ఆమె కంటికి ముందు కనపడేది బస్సు బోల్తా పడిన వార్తే.

అందుకే 1983 ఎండాకాలంలో, కొడుకు మునిరత్నానికి పలమనేరులో ప్రైవేటు బస్సు కండక్టరు పని కుదిరిందని రెడ్డెప్ప కాళ్లు కడుక్కుంటూ చల్లగా చెప్పినప్పుడు, ఆమె చేతిలో చేట గాలిలోనే ఆగిపోయింది.

"కండక్టరంటే దినామూ బస్సులోనే ఉండాల గదా?" అంది.

"మరి కండక్టరు బస్సులో కాకుండా ఎద్దులబండిలో ఉంటాడా?"

"ఆ బస్సు మొగిలి కనుమ దిగతాది గదా?"

"మొగిలి కనుమలో దినానికి నూరు బస్సులు దిగతాండాయి. అన్నీ మళ్లా ఎక్కి వస్తాండాయి."

"రానివి పేపర్లో ఏస్తాండారు," అంది మునిలక్ష్మమ్మ.

మునిరత్నానికి ఇరవై మూడేళ్లు. మదనపల్లెలో బెంగళూరు బస్టాండు దగ్గర గఫూర్ సాయబు రేడియో అంగట్లో పని చేస్తాడు. పని అయిపోయాక ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చుని నాటకాలవాళ్లకు పాటలు కట్టి, క్యాసెట్లలో పట్టి ఇస్తుంటాడు. రెడ్డెప్ప దృష్టిలో రేడియో బాగుచేయడం సగం పని, పాటలు పట్టడం పనే కాదు. అయినా కొడుకు మొహం చూసి ఒక మెట్టు దిగాడు. కుప్పంలో రంగప్ప అని నాటకం కంపెనీ ఆయన ఉన్నాడు. గంగమ్మ జాతరకు కొత్త నాటకం వేస్తున్నాడు. ఆయన ఈ క్యాసెట్టు ఒప్పుకుంటే ఆ ఏడాది కంపెనీ ఆడే నాటకాలన్నిటికీ పాటల పని మునిరత్నానిదే. ఒప్పుకోకపోతే సోమవారం పొద్దున పలమనేరు బస్సెక్కాలి.

అంతదాకా ఆ టేపురికార్డర్లంటే ఆమెకు గిట్టేది కాదు. కరెంటు వైరు మీద కాలు పడుతుందని, ప్లగ్గులోంచి నిప్పు రాలుతుందని గది గడప దాటేది కాదు. కానీ ఇప్పుడు ఇంట్లో కరెంటు, బయట కనుమ. రెండూ తూచి చూసుకుని, కరెంటే చిన్న యముడని తేల్చుకుని, టేపురికార్డరు పక్షం చేరిపోయింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మొదట పంపిన క్యాసెట్టు విని రంగప్ప కార్డు రాశాడు. మునిరత్నం అంగట్లో ఉన్నప్పుడు వచ్చింది గనక మునిలక్ష్మమ్మే చదివింది. చదవకముందే చెమటలు పట్టాయి.

'పాట బాగుండాది. రాగం బాగుండాది. కానీ పలచగా ఉండాది, మజ్జిగ మాదిరి. రాణి అడివిలోంచి తిరిగొచ్చే ఘట్టంలో జనం గుండె నిండాల. ఏడుగురు కూర్చుని పిటీలు వాయించినట్టు ఉండాల. ఆదివారం పొద్దున అందరూ రండి.'

ఆ కార్డు మునిరత్నం నాలుగుసార్లు చదువుకున్నాడు. తర్వాత లేచి జవాబు రాశాడు: 'ఆదివారం ఏడు పిటీలు తెస్తాము.' రాసి, పోస్టుడబ్బాలో వేసి వచ్చాడు.

"ఏడు యాడివి రా?" అంది తల్లి. "పెండ్లిండ్ల కాలం. మనకుండేది పుంగనూరు సారొక్కడే గదా?"

"సారొక్కడే. ఆయన్నే ఏడుసార్లు వాయించమంటా మా. ఒగదాని మీద ఒగటి పేరుస్తా."

"దోసెలా పేర్చడానికి?"

"దోసెలే అనుకో."

పుంగనూరు సారంటే రామమూర్తి గారు. పిటీలు, అంటే ఫిడేలు, వాయించే అరవై దాటిన బక్కపలచని మనిషి. కాఫీలో చక్కెర వేసుకోడు, మాటలోనూ వేసుకోడు. శ్రుతి తప్పితే కన్నతండ్రినైనా క్షమించడని పేరు. శుక్రవారం పొద్దున ఫిడేలు పెట్టె, శ్రుతిపెట్టె రెండూ సంచిలో పెట్టుకుని బస్సు దిగాడు.

మునిరత్నం ఏర్పాటు ఇదీ. వాడి దగ్గర రెండు టేపురికార్డర్లు. కరెంటుతో నడిచే పెద్దది వాడిది, సెల్లులతో నడిచే చిన్నది గఫూర్ సాయబు అంగట్లోంచి అరువు తెచ్చింది. సారు ఒకసారి వాయిస్తే చిన్నదాంట్లో పట్టేవాడు. ఆ క్యాసెట్టు తీసి పెద్దదాంట్లో వేసి మోగించేవాడు. అది మోగుతుంటే దాంతో కూడా సారు మళ్లీ వాయించాలి. ఈ రెండూ కలిపి చిన్నదాంట్లో ఇంకో క్యాసెట్టులో పట్టాలి. మళ్లీ దాన్ని పెద్దదాంట్లో వేసి, మళ్లీ సారు వాయించి... అలా ఏడు పొరలు. ఈ కథంతా విని మునిలక్ష్మమ్మ, "ఇది పాపం కాదు గదా రా? ఒక మనిషిని ఏడుగురని చెప్తే పోలీసులు రారు గదా?" అంది.

"పిటీలుకు పోలీసులు రారమ్మా," అన్నాడు రామమూర్తి గారు.

ఏడు పొరలూ పడ్డాయి. అందరూ విన్నారు. ఒకటే ఫిడేలు. అంతకుముందు మాట్లాడినట్టుండేది ఇప్పుడు అరిచినట్టుంది, అంతే తేడా. తప్పు ఎవరిదంటే సారుదే, ఆయన నిక్కచ్చితనానిదే. మొదటిసారి కమాను ఎక్కడ ఒత్తాడో ఏడోసారీ అక్కడే ఒత్తాడు. ఎక్కడ గమకం ఊపాడో అక్కడే, అంతే ఊపాడు. ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చుని, ఏడూ ఒకటైపోయాయి.

"నలభై ఏండ్ల సాధన," అన్నాడు సారు, నిందో పొగడ్తో తెలియక. "ఏడుసార్లు కాదు, డెబ్భైసార్లు వాయించినా ఒకటే మాదిరి ఉంటాది."

"అదే సార్ కష్టం," అని మునిరత్నం తల పట్టుకున్నాడు.

గఫూర్ సాయబు వచ్చి ఒక సలహా ఇచ్చాడు. "ఒక రాగికాగు తీసుకో బేటా. స్పీకరు దాని నోట్లో పెట్టు. గూఁ అని నిండుగా వస్తాది." మునిలక్ష్మమ్మ నీళ్ల కాగు బోర్లించి, తుడిచి ఇచ్చింది. గూఁ అనే వచ్చింది. ఫిడేలు బావిలో పడి, పైకి తియ్యండి బాబో అని మొత్తుకుంటున్నట్టు వచ్చింది. వంటింట్లో ఉన్న మునిలక్ష్మమ్మ ఎవరి బిడ్డో నిజంగా బావిలో పడిందనుకుని పెరట్లోకి పరుగెత్తింది. శబ్దం పెంచి చూశారు, గది తలుపులు మూసి చూశారు, సారును గోడవైపు తిప్పి కూర్చోబెట్టి చూశారు. మజ్జిగ మజ్జిగలాగే ఉంది. శనివారం ఇంకొక్క పూట ప్రయత్నిద్దామని సారు పుంగనూరు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రెడ్డెప్ప తెల్లారుజామున మడికి నీళ్లు కట్టాలన్నాడు. బ్యాటరీ లైటు వేసి చూస్తే గుడ్డి వెలుగు. మునిలక్ష్మమ్మకు ఆ గుడ్డి వెలుగులో గట్టు మీద పాము పడుకున్నట్టే కనిపించింది. కొత్త సెల్లులు ఇంట్లో ఎక్కడున్నాయి? చిన్న టేపురికార్డర్లో ఉన్నాయి, మునిరత్నం శుక్రవారమే తెచ్చి వేశాడు. నాలుగు. లైటుకు మూడు పడతాయి.

మదనపల్లెలో చచ్చిన సెల్లును పారేసే ఇల్లాలు ఆ రోజుల్లో లేదు. రెండు పూటలు మంచి ఎండ చూపిస్తే అది మళ్లీ నాలుగు రోజులు ఊపిరి పీలుస్తుంది. మునిలక్ష్మమ్మ మిద్దె మీద సగ్గుబియ్యం వడియాల పక్కనే పాత సెల్లులు వరసగా పేర్చి పెట్టేది. అందులోంచి మూడు తెచ్చి టేపురికార్డర్లో వేసి, దాని కొత్తవి మూడు లైటులో వేసింది. మీట నొక్కి చూసింది. చక్రాలు తిరుగుతున్నాయి. తిరిగితే చాలనుకుంది. పాము ముందు పాట ఎంత? తన మొగుడికి గండం తప్పిందని తృప్తిగా మూత పెట్టేసింది.

శనివారం సారు త్వరగా వచ్చాడు. మధ్యాహ్నం పుంగనూరులో శిష్యురాలి పెండ్లి, పన్నెండు బస్సు అందుకోవాలి. మొదటి పొర పడింది. రెండో పొర సగంలో కమాను ఆపి, ముక్కు చిట్లించాడు.

"రత్నం, నీ మిషన్ శ్రుతి పైకి పోతాండాది."

"లేదే సార్."

"నాకే లేదంటావా? రవ్వంత. వెంట్రుకవాసి. కానీ పోతాండాది. తొందర కూడా పడతాండాది. సెల్లులు మంచివేనా?"

"నిన్న కొన్నవే సార్. కరెంటులో ఏమన్నా హెచ్చుతగ్గులేమో. మీరు కానీండి, మళ్లా బస్సు పోతాది."

గడపలో మజ్జిగ చెంబుతో నిలబడ్డ మునిలక్ష్మమ్మ చెవిన ఆ మాట పడింది. సెల్లులు! నోరు తెరిచి చెప్పేద్దామనుకుంది. చెప్తే ఏమవుతుంది? కొత్త సెల్లులు లైటులో ఉన్నాయి, లైటు రెడ్డెప్పతో చేలో ఉంది, సారు బస్సు గంటన్నరలో ఉంది. ఆమె కళ్ల ముందు ఖాకీ చొక్కా వేసుకుని, తోలుసంచి తగిలించుకుని, కనుమ మలుపులో బస్సు తలుపు పట్టుకుని వేలాడుతున్న కొడుకు కనిపించాడు. చెంబు గడప మీద పెట్టి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు కూలబడింది.

ఇవతల సారు శ్రుతిపెట్టె గట్టిగా మోగించాడు. "నేను నా శ్రుతినే పట్టుకుంటా. ఆ డబ్బా యాడికి పోతే ఆడికి దాని ఎనకాల పరిగెత్తే వయసు కాదు నాది," అన్నాడు. మూడో పొర, నాలుగో పొర. ప్రతిసారీ పాతది వెంట్రుకవాసి పైకి జరుగుతోంది, సారు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. ప్రతిసారీ ఛీ అంటున్నాడు, వాయిస్తున్నాడు. ఏడోది అయ్యాక ఫిడేలు పెట్టెలో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని, "వినాల్సిన పని లేదు, చెడిపోయింటాది," అన్నాడు.

"ఒక్కసారి వినిపోండి సార్," అని మునిరత్నం మీట నొక్కాడు.

మునిలక్ష్మమ్మ చెవులు మూసుకుంది. మూసుకున్నా వేళ్ల సందుల్లోంచి వచ్చింది. పెండ్లింట్లో ఆడవాళ్లందరూ పట్టుచీరలు కట్టుకుని, ముహూర్తానికి ఒక్కసారిగా లేచి కదిలితే ఎలా ఉంటుంది, ఆ గరగర, ఆ నిండుదనం. ఒకరు ముందు, ఒకరు వెనక, ఒకరు రవ్వంత పైన. గది సరిపోక శబ్దం వాకిట్లోకి పొర్లినట్టనిపించింది. వెనకాల ఎక్కడో ఇసుక రాలుతున్నట్టు సన్నని చప్పుడుంది. వేరే ఏదో క్యాసెట్టు పెట్టి ఉంటారులే అనుకుంది. పాట ఆగింది. తమది చెడిపోయింది గనకే ఇది పెట్టారు. ఇంకేముంది, అయిపోయిందనుకుంది.

అప్పుడే గఫూర్ సాయబు తన చిన్న టేపురికార్డరు తీసుకుపోవడానికి వచ్చాడు. సెల్లులు మునిరత్నానివి గదా, తీసి ఇద్దామని వెనక మూత ఊడదీశాడు.

"అరె! ఇదేంది? సెల్లుకు వడియం అంటుకోనుండాది!"

మునిలక్ష్మమ్మ ఇంక ఆగలేకపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ముందుగదిలోకి వచ్చేసింది. "నేనే మారిస్తిని నాయనా. మీ నాయన సేనికి పోతాండాడని, పాము ఉంటాదని... మిద్దె మీద ఎండినవి ఏస్తిని. చక్రం తిరగతాంటే సాలుననుకుంటిని. నా చేతులారా నిన్ను పలమనేరుకు తోస్తిని," అని ఒకటే ఏడుపు.

ముగ్గురూ ఆమెను చూశారు, వడియాన్ని చూశారు. మొదట గఫూర్ సాయబు నవ్వాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కిందికి జారాడు.

"అక్కా, ఏడవద్దు. చూడు, సెల్లు బలం తగ్గితే మోటారు మెల్లగా తిరగతాది. మెల్లగా పట్టిన పాట పెద్దదాంట్లో ఏస్తే అది మామూలు నడకన నడస్తాది. అంటే పాట రవ్వంత ఉరకతాది, శ్రుతి రవ్వంత పైకి పోతాది. పొర పొరకూ రవ్వంత తేడా. సారు మాత్రం రాయి మాదిరి ఒకే తావున కూర్చోనుండాడు."

"ఏడు పొరలూ ఏడుగురు మనుషులైనారు మా!" అని మునిరత్నం తల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అందుకే నిండింది! నిన్న నింపడానికి ఏమేమి చేస్తిని! ఒగటే అచ్చుగా ఉంటే ఎన్ని పేర్చినా ఒగటేనని నాకు తట్టకపాయె."

మునిలక్ష్మమ్మ ముక్కు తుడుచుకుంది. ఇంత చిన్న సంగతికి ఇంత ఆశ్చర్యమా అనిపించింది. "అదేముంది రా? మా పుట్టినూరు నిమ్మనపల్లెలో చెక్కభజన కట్టినప్పుడు పదిమంది ఒగటే తూకంగా పాడతారా? ముసిలోడు ఆయాసంతో ఎనకపడతాడు. కుర్రోడు ఎగిరి ముందు పడతాడు. ఒగడి గొంతు కీచు, ఒగడిది బొంగురు. అందుకే గదా ఊరంతా ఇనపడేది. అందరూ అచ్చుగా పాడితే ఒగడే పాడినట్టుంటాది గానీ భజన యాడుంటాది?"

రామమూర్తి గారు సంచి భుజాన పెట్టుకునే నిలబడ్డాడు. మొహం చేదుగా ఉంది. "ఇది అపశ్రుతి," అన్నాడు. సంచి సర్దుకుంటూ, "బాగుండాది," అన్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "నా పేరు మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

చెప్పొద్దన్నవాడు ఆదివారం పొద్దున పుంగనూరు బస్టాండులో ఫిడేలు పెట్టెతో సహా నిలబడి ఉన్నాడు. "ఊరికే వస్తాండా, గాలి మార్పుకు," అని ఎక్కి కూర్చున్నాడు. మే నెల ఎండలో కుప్పానికి గాలి మార్పేమిటని ఎవరూ అడగలేదు. మునిలక్ష్మమ్మ కూడా వచ్చింది. ఇంట్లో కూర్చుని బస్సు గురించి భయపడేకంటే బస్సులోనే కూర్చుని భయపడడం నయమని ఆమె లెక్క. దారిపొడుగునా డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా "మెల్లగా నాయనా" అంటూనే ఉంది. వీకోట దగ్గర ఆ డ్రైవరు, "అమ్మా, నువ్వే తోలతావా?" అని అడిగాడు.

కుప్పంలో రంగప్పకు బియ్యం మిల్లుంది. మిల్లు వరండాలోనే నాటకం వాళ్లు సాధకం చేస్తారు. ముగ్గురూ అక్కడికి చేరేసరికి రంగప్ప ఎదురొచ్చాడు. భారీ మనిషి, భారీ మీసం. నమస్కారం పెట్టి, వీళ్ల భుజాల మీదుగా వీధిలోకి చూశాడు.

"మిగతావాళ్లు యాడప్పా?"

మునిలక్ష్మమ్మ వరండాలోకి చూసింది. నీళ్లు చల్లిన నేల మీద వరసగా ఏడు విస్తర్లు వేసి ఉన్నాయి. ఏడు గ్లాసులు. పక్కన పళ్లెంలో తమలపాకులు, వక్కలు, మడతపెట్టిన ఏడు కొత్త కండువాలు. లోపలినుంచి వంకాయ పులుసు వాసన వస్తోంది.

'ఏడు పిటీలు తెస్తాము' అని కొడుకు రాసిన కార్డు ఆమెకు గుర్తొచ్చింది. వాడు రాసింది శబ్దం గురించి. ఈయన అనుకున్నది మనుషుల గురించి. కళాకారులు గడప తొక్కితే విస్తరి వేయకుండా ఎలా ఉంటాడు పెద్దమనిషి?

"ముందు వినండి," అన్నాడు మునిరత్నం.

రంగప్ప టేపురికార్డరులో క్యాసెట్టు మోగింది. రంగప్ప స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. బస్తాలు మోసే హమాలీలు ఎక్కడివాళ్లక్కడ ఆగారు. పాట అయ్యేసరికి ఆయన మీసం కింద పెదవి వణుకుతోంది.

"ఇదప్పా నేను అడిగింది! రాణి వచ్చేసింది, కండ్ల ముందరికి వచ్చేసింది! అడివిలో వాన కూడా పెట్టినావే, ఎనక సన్నంగా!"

అది వాన కాదు, ఏడుసార్లు టేపు మీద టేపు పట్టినందుకు పేరుకున్న బుస. మునిరత్నం నోరు విప్పబోతుంటే రామమూర్తి గారు వాడి కాలు తొక్కాడు.

"బస్సు తప్పినారా వాళ్లు? జీపు పంపిస్తా, యాడుండారో చెప్పు," అన్నాడు రంగప్ప.

ఇంక దాచడానికి లేదు. "ఇంకెవరూ లేరప్పా. సారొక్కడే. ఆయనే ఏడుసార్లు వాయించినాడు," అన్నాడు మునిరత్నం.

రంగప్ప మొహంలో వెలుగు ఆరిపోయింది. విస్తర్లను చూశాడు, కండువాలను చూశాడు, హమాలీలను చూశాడు. "ఊరంతా చెప్పుకుంటినే! మదనపల్లె నుంచి ఏడుగురు పిటీలోళ్లు వస్తాండారని! ఒక్కణ్ణి తెచ్చి ఏడంటావా? ఇది మోసం కాదా? వద్దప్పా, తీసుకుపో." టేపురికార్డరులోంచి క్యాసెట్టు తీసి మునిరత్నం చేతిలో పెట్టేశాడు.

మునిరత్నం తల దించుకున్నాడు. ఆ వంచిన మెడను చూసింది మునిలక్ష్మమ్మ. రేపు ఆ మెడలో తోలుసంచి. ఆమెకు భయం పైకి పైకి వచ్చి, గొంతు దాటి, ఇంక ఎక్కడానికి చోటు లేక మాటయిపోయింది.

"ఏమయ్యా రంగప్పా! నీ కార్డు నేనే చదివినా. 'ఏడుగురు వాయించినట్టు ఉండాల' అని రాస్తివి. ఉన్నట్టు ఉండాదా లేదా? నువ్వు అడిగింది ఏడుగురి శబ్దం, ఏడుగురి కడుపులు కాదు!"

హమాలీల్లో ఒకడు ఫక్కున నవ్వి, రంగప్ప చూసేసరికి నోరు మూసుకున్నాడు. మునిలక్ష్మమ్మ ఆగలేదు. ఆగితే మళ్లీ భయమేస్తుందని ఆమెకు తెలుసు.

"ఏడుగురు వచ్చింటే ఏమయ్యేది? ఒగాయన కాఫీ అంటాడు, ఒగాయన సోడా అంటాడు. ఇద్దరికి పడదు. జాతర దినం ఒగడికి జ్వరమొస్తాది. నా కొడుకు నీకు జ్వరం రాని ఏడుగురిని డబ్బాలో పెట్టి తెచ్చినాడు. నీకు మోసమంటే మోసమే. మిద్దె మీద వడియాల పక్కన సెల్లులు ఎండబెట్టిన మోసం. అది చేసింది నేను. తిట్టేది ఉంటే నన్ను తిట్టు!"

రంగప్పకు వడియాల సంగతి ఏమీ అర్థం కాలేదు. ఆయన రామమూర్తి గారి వైపు తిరిగాడు. "సార్, నిజంగా మీరొక్కరేనా?"

పేరు చెప్పొద్దన్న మనిషి పెట్టె తెరిచాడు. నేల మీద కూర్చుని, ఫిడేలు ఎత్తి, రాణి ఘట్టం ఒకసారి వాయించాడు. సన్నగా, నిక్కచ్చిగా, అచ్చు గుద్దినట్టు. తర్వాత గడ్డంతో మునిరత్నానికి సైగ చేశాడు. మునిరత్నం క్యాసెట్టు మళ్లీ వేశాడు. టేపులోని ఏడుగురితో కలిసి సారు వాయిస్తూ పోయాడు. రంగప్ప మెడ సాచి, చెవి ఒగ్గి, వేళ్లు మడుస్తూ లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. చిటికెన వేలి దగ్గర తడబడ్డాడు. మళ్లీ మొదట్నుంచి మడిచాడు. పాట ఆగింది.

"ఎనిమిది!" అన్నాడు.

మడిచిన వేళ్లు ఎత్తి మునిరత్నానికి చూపించాడు.

"ఏడు అడిగితే ఎనిమిది తెచ్చినాడప్పా వీడు!" అని రంగప్ప కడుపు ఊగేలా నవ్వాడు. "సరే, ఒప్పుకుంటా! ఈ ఏడాది అన్ని నాటకాలూ నీవే రా. జాతరప్పుడు టేపు నువ్వే ఏయాల. సార్ పక్కన కూర్చోని వాయించాల. జనం ఎనిమిది మందిని ఎతుక్కోని చావనీ!"

కండువాలు ఏడూ వెనక్కి తీసుకోవడం మర్యాద కాదని, రంగప్ప ఏడూ రామమూర్తి గారి భుజాల మీదే కప్పాడు. ఆ ఎండలో ఏడు కండువాల కింద సారు మొహం మాత్రమే కనిపించింది. ఆ మొహంలో చక్కెర కనిపించింది. ముగ్గురు మూడు విస్తర్ల ముందు, నలుగురు హమాలీలు నాలుగు విస్తర్ల ముందు కూర్చున్నారు. మునిలక్ష్మమ్మకు పాయసం రెండుసార్లు వడ్డించారు. ఆమె తింది కూడా. తింటున్నంతసేపూ ఒక్క భయమూ గుర్తురాలేదు, అదొక్కటే ఆమెకు కొత్తగా ఉంది.

అయితే చేయి కడుక్కునేటప్పుడు రంగప్ప మునిరత్నంతో అంటున్న మాట చెవిన పడింది.

"తర్వాత నాటకంలో యుద్ధం ఉండాది అబ్బాయా. నలభై డోళ్లు మోగినట్టు ఉండాల. చేస్తావా?"

"ఇంట్లోనే చేస్తానప్పా," అన్నాడు మునిరత్నం, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

సాయంత్రం బస్సు మదనపల్లెలో ఆగేసరికి రెడ్డెప్ప బస్టాండులో నిలబడి ఉన్నాడు. పని చూపిన పలమనేరు మనిషికి ఏదో ఒక మాట చెప్పాలి గదా, అందుకు వచ్చానన్నాడు. చొక్కా మాత్రం ఇస్త్రీది వేసుకున్నాడు.

"ఏమాయ?" అన్నాడు.

"వాళ్లను వేరే కండక్టరును ఎతుక్కోమని చెప్పు," అంది మునిలక్ష్మమ్మ.

రెడ్డెప్ప కొడుకు వైపు చూశాడు. మునిరత్నం నవ్వాడు. రెడ్డెప్ప కూడా నవ్వబోయి, తండ్రిననే సంగతి గుర్తొచ్చి, సంచి అందుకుని ముందు నడిచాడు. నాలుగడుగులు వేశాక పెండ్లాం వెనకబడిందని గమనించి ఆగాడు.

"ఇంకేంది? అంతా అయ్యింది గదా. మళ్లా ఆ మొహమేంది?"

"నలభై డోళ్లంట," అంది మునిలక్ష్మమ్మ. "మన ముందుగదిలో. ఆ గోడ మీ తాత కట్టిన మట్టిగోడ."

"పడితే మళ్లా కట్టుకుందాంలే."

"కట్టుకుంటాము సరే. పడేటప్పుడు దాని పక్కన ఎవురుంటారో?"

రెడ్డెప్ప పెద్ద అంగలతో కొడుకును కలుసుకున్నాడు. తండ్రీకొడుకులు ముందు ఏదో మాట్లాడుకుంటూ పోతున్నారు. వాళ్ల వెనకాల మునిలక్ష్మమ్మ, ఆ గోడకు ఎక్కడెక్కడ ఊతకర్ర పెడితే నిలబడుతుందో, ఏ మూలన మంచం వేస్తే కొడుకు నెత్తిన పడకుండా ఉంటుందో ఒక్కొక్కటే లెక్క వేసుకుంటూ, చాలా తీరికగా, చాలా సంతోషంగా ఇంటి దారి పట్టింది.